తడిమడి

భర్త మీద వేదవతికి పెద్ద ఫిర్యాదేమీ లేదు. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడ్డా భానుమూర్తి నుదుటి మీద చెయ్యి వెయ్యడు, ఆవేళ ఊళ్ళో ఉష్ణోగ్రత ఎంతో చెప్తాడు. అంతే. వాతావరణం ఆఫీసులో ఉద్యోగం. పచ్చిక మధ్య నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, లోపలి థర్మామీటర్లు చూసి అంకెలు పలకడం ఆయన పని. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన పిల్లని చూసింది తక్కువ, కిటికీలోంచి మబ్బుల్ని చూసింది ఎక్కువ. గొడుగు అక్కర్లేదని ఆయన చెప్పిన రోజున వేదవతి తప్పకుండా గొడుగు పట్టుకెళ్తుంది. సాయంత్రం ఆయన తడిసి ముద్దయి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఈ వాన మన పేట వరకే" అంటాడు. ఆ మాట వినడం కోసం ఆవిడ తువ్వాలు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది.

ఎనభై ఆరు జనవరిలో, మావగారి తద్దినానికి ముందురోజు సాయంత్రం, కలకత్తా భవానీపూర్‌లో వాళ్ళు అద్దెకుంటున్న మేడమీద వాటాలో, వాళ్ళమ్మ జయలక్ష్మి ఆయన్ని అలాంటి అంకె ఒకటి అడిగింది.

"రేపు చలెంత ఉంటుందిరా?"

"పదమూడు. అదీ తెల్లవారుజామున. తరవాత ఎండొస్తుంది."

"పదమూడంటే ఎక్కువా తక్కువా?"

"ఏం చలి కాదమ్మా. డార్జిలింగులో సున్నా."

"విన్నావుటే?" అంది జయలక్ష్మి వెనక వరండా కేసి తిరిగి. "ఏం చలి కాదుట."

వెనక వరండాలో ఒక మూల చాప మీద, తన కంచం, తన గ్లాసు పక్కన పెట్టుకుని వేదవతి వారపత్రిక చదువుకుంటోంది. ఆ పొద్దున్నే బయట చేరింది. మూడు రోజులు వంటింట్లో అడుగు పెట్టకూడదు, ఎవర్నీ ఏదీ ముట్టుకోకూడదు. ఇల్లాలికి ఏ ప్రభుత్వమూ ఇవ్వని సెలవిది, దేవుడే ఇచ్చాడు. ఈసారి మాత్రం దేవుడు ఇవ్వకపోయినా ఆవిడే తీసుకుంది. ఈ ఊళ్ళో ట్రాములు ఆగాలన్నా ముందురోజు ఎర్రజెండాలతో ఊరేగింపు తీసి మరీ చెప్తారు. వేదవతి ఏ ఊరేగింపూ లేకుండా, మొహం కాస్త వేలాడేసి, "అత్తయ్యా, నేను బయట చేరానండీ" అంది. అంతే.

కారణం పోయినేడాది తద్దినం. వంటకి కట్టుకోవాల్సిన మడిచీరని డాబా మీద ఎవరూ తాకకుండా ఆరేస్తే, కింద వాటా మిత్రాగారి వంటింటి దగ్గర్నుంచి ఒక కాకి చేపముల్లు తెచ్చి సరిగ్గా దాని మీద పడేసింది. ఇంకేముంది, అప్పటికప్పుడు తొట్టెలో నీళ్ళు గుమ్మరించుకుని తడిచీరతోనే వంట. మధ్యాహ్నం దాకా ఒంటి మీద అలాగే. తరవాత వారంపాటు వేదవతి మంచం దిగలేదు. జయలక్ష్మి మాత్రం ఆ అనుభవంలోంచి ఒక నియమం తీసింది. ఈ కాకుల ఊళ్ళో ఆరేసిన బట్టని నమ్మకూడదు, తడిమడే మంచిది. తడి ఉన్నంతసేపే మడి. ఆరితే మళ్ళీ పోసుకోవాలి.

కోడలు బయట చేరింది. జయలక్ష్మికి ఉబ్బసం. అందుకని ఖిదిర్‌పూర్ నుంచి వంటావిణ్ణి మాట్లాడారు.

జయలక్ష్మి లోపలికెళ్ళాక వేదవతి భర్తని పిలిచింది. "తడిది ఎంతుంటుంది?"

ఆయనకి అర్థమైంది. ఆ తెల్ల పెట్టెలో థర్మామీటర్లు జంటగా ఉంటాయి. ఒకటి పొడిది. రెండోదాని బుడ్డికి ఎప్పుడూ తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గుడ్డలో నీళ్ళు ఆవిరవుతూ బుడ్డిలోని వేడిని లాక్కుపోతాయి కనక అది పొడిదానికంటే తక్కువ చూపిస్తుంది. గాలి ఎంత పొడిగా వీస్తే అంత తక్కువ.

"తొమ్మిదో పదో," అన్నాడు భానుమూర్తి.

"మరి అత్తయ్యకి పదమూడని చెప్పారేం?"

"అమ్మ అడిగింది గాలి సంగతి. తడిగుడ్డ సంగతి అడగలేదుగా." పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "అయినా నీకెందుకు? నువ్వెలాగూ బయటున్నావు."

నిజమే. తడిచీర మీద వాదన పెట్టుకుంటే అది చుట్టూ తిరిగి తన సెలవు దగ్గరికే వస్తుంది. వేదవతి వారపత్రిక మళ్ళీ తెరిచింది.

*

కామేశ్వరమ్మ ఇంకా వీధి దీపాలు ఆరకముందే వచ్చేసింది. అరవై దాటిన మనిషి, ఎండు చింతకాయలా ఉంది. తెల్లచీర మీద మగవాళ్ళ స్వెట్టరు, స్వెట్టరు మీద గోధుమరంగు శాలువ, నెత్తిన కోతిటోపీ. పెళ్ళయి ఖిదిర్‌పూర్ రేవు పక్కకి వచ్చిన మనిషి అక్కడే విధవై, మేనల్లుడి దగ్గర ఉంటూ, కలకత్తాలో ఆంధ్రా బ్రాహ్మల ఇళ్ళలో తద్దినాలకి వంట చేస్తోంది.

"ఏటి తల్లీ, ఇక్కడ కూచున్నావు?" అంది వరండాలోకి వచ్చి, టోపీ తీస్తూ.

"బయటున్నానండీ, పిన్నిగారూ."

కామేశ్వరమ్మ స్వెట్టరు విప్పి మేకుకి తగిలించింది. శాలువ మడిచి వరండా పిట్టగోడ మీద, వేదవతి చాపకి మూరెడు దూరంలో పెట్టింది. అప్పుడు వేదవతి కేసి తీరిగ్గా చూసింది. చూసి, గొంతు తగ్గించింది.

"బయటున్న మనిషివి, ఆ మొహంలో అంత కళేటి?"

వేదవతి గతుక్కుమంది.

"చెప్పన్లే," అంది కామేశ్వరమ్మ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ. "మా అత్తగారి కాలంలో నాకు నెలకి రెండేసిమార్లు వచ్చేది. ఆవిడ లెక్క తెలీని మనిషి, పాపం. కూచో తల్లీ, కూచో. రోజూ ఉండే చాకిరీయేగా."

ఇద్దరూ చప్పుడు కాకుండా నవ్వుకున్నారు. వేదవతికి ఆవిడ చాలా నచ్చేసింది. సెలవు ఇంకాస్త రుచిగా అనిపించింది.

నీళ్ళ తొట్టె దగ్గర నుంచి చెంబు చప్పుడు, ఆ వెంటనే "బాబోయ్, ఠాండా!" అన్న కేక వినిపించాయి. కామేశ్వరమ్మ పళ్ళు టకటకలాడిస్తూ, చీర ఒంటికి అంటుకుపోయి, నీళ్ళు కారుతూ వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ నడిచినంత మేరా గచ్చు మీద తడి చార ఏర్పడింది.

గ్యాసు పొయ్యి పనికిరాదంది జయలక్ష్మి. సిలిండరుని ఎంతమంది ఎత్తుకొచ్చారో, వాళ్ళు ఏం తిని వచ్చారో. అందుకని బొగ్గుల పొయ్యిలు రెండు. వాటి పొగకి ఉత్తరం కిటికీ, వరండా తలుపూ బార్లా తీసి పెట్టారు. ఆ రెంటి మధ్యా గాలి దారి చేసుకుంది. జయలక్ష్మి తన ధావళి కట్టుకుని గుమ్మం అవతల పీట వేసుకుంది. ధావళి అంటే ఊలు బట్ట. దానికి మైల అంటదు, తడపక్కర్లేదు. ఇంట్లో అది ఒక్కటే ఉంది. హాల్లో భానుమూర్తి పట్టుపంచె కట్టుకుని శాస్త్రిగారి ఎదుట దర్భాసనం మీద కూచున్నాడు. పట్టుకీ మైల అంటదు. మగవాళ్ళకి అది చెల్లుతుందిట.

"వదినగారూ, నన్నిలా నానబెడితే గానీ అన్నగారికి స్వర్గంలో ఆకలి వెయ్యదు కాబోలు," అంది కామేశ్వరమ్మ మినప్పప్పు కడుగుతూ.

"హాస్యాలకేం గానీ, ఇత్తడి గిన్నె ఆ పొయ్యి మీద పెట్టకు, పరమాన్నం అడుగంటుతుంది," అంది జయలక్ష్మి.

పొయ్యి దగ్గరున్నంతసేపూ బాగానే ఉంది. కానీ తద్దినం వంటలో పొయ్యి దగ్గర పని సగమే. గారెలపిండి రుబ్బాలి. కొబ్బరి కోరాలి. నువ్వులు నూరాలి. రోలు ఉన్నది కిటికీ కింద. కామేశ్వరమ్మ రోటి ముందు కాళ్ళు బారజాపుకుని పొత్రం తిప్పుతోంటే వీపు గాలికి ఎదురుగా ఉంది.

ఎండ ఎక్కాక గాలి పొడిబారింది. వరండాలోంచి వేదవతికి వంటిల్లు నాటకం స్టేజీలా కనిపిస్తోంది. పొయ్యి మీద అన్నం గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది. పిండి గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చిన కామేశ్వరమ్మ వీపు మీంచి కూడా ఆవిరి లేస్తోంది. రెండూ పైకెళ్ళి, వెంటిలేటరు గాజుకి తగిలి, చుక్కలై కిందికి జారుతున్నాయి.

బీయెస్సీలో చదువుకున్నది వేదవతికి ఇంకా గుర్తుంది. చన్నీళ్ళని మరిగించడానికి పట్టే వేడి ఒక వంతు. ఆ మరిగిన నీళ్ళు చుక్క మిగలకుండా ఆవిరైపోవడానికి అయిదు వంతులు పైగా కావాలి. గిన్నెకైతే బొగ్గులిస్తాయి ఆ వేడిని. చీరకి ఇచ్చేది లోపలున్న మనిషే. పట్టుకెళ్ళిన వేడిని ఆవిరి ఉంచుకోదు కూడా. చల్లటిదేదైనా తగలగానే నీళ్ళై, దానికి ఇచ్చేస్తుంది. కామేశ్వరమ్మ ఒంట్లోంచి తీసింది తీసినట్టు వెంటిలేటరు గాజుకి ముడుతోంది. అసలే వంటావిడ. నిన్న రాత్రి ఫలహారం, ఇవాళ ఇంతవరకూ మంచినీళ్ళు కూడా లేవు. భోక్తలు తిని లేస్తే గానీ ఆవిడ తినకూడదు.

ఇదంతా వేదవతికి చాలా స్పష్టంగా తోచింది. మార్కులు కూడా పడేవి.

"కామేశ్వరమ్మా, కొంగు ఆరిపోయింది," అంది జయలక్ష్మి. "పోసుకురా."

"ఇప్పుడేగా వదినగారూ..."

"తడి ఉన్నంతసేపే మడి. ఒక్కపూట. ఏడాదికోసారి పోయినాయన కోసం."

కామేశ్వరమ్మ వెళ్ళి పోసుకొచ్చింది. ఈసారి "ఠాండా" అని అరవలేదు. ఇంకాసేపటికి మళ్ళీ ఆరింది. మళ్ళీ వెళ్ళింది. వచ్చేటప్పుడు వరండా తలుపు దగ్గర ఆగింది. దవడలు కొట్టుకుంటున్నాయి, పెదాలు నేరేడు పళ్ళలా ఉన్నాయి.

"తల్లీ," అంది. "ఆ శాలువ ఇలా పడెయ్యి. ఒక్క నిమిషం కప్పుకుని, మళ్ళీ పోసేసుకుంటాను."

శాలువ పిట్టగోడ మీద ఉంది. వేదవతి చెయ్యి చాపితే అందుతుంది. చాపింది కూడా. గుమ్మం అవతల పీట కిర్రుమంది. జయలక్ష్మి మెడ సాచి చూస్తోంది.

వేదవతి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను ముట్టుకోకూడదు కదండీ, పిన్నిగారూ," అంది.

కామేశ్వరమ్మ ఆవిడ కళ్ళలోకి చూసింది. పొద్దున చూసినట్టే తీరిగ్గా చూసింది. నవ్వలేదు, గొంతు తగ్గించలేదు, ఏ గుట్టూ బయటపెట్టలేదు.

"అవునవును," అంది. "మర్చేపోయాను." లోపలికి వెళ్ళిపోయింది.

హాల్లో భోక్తలు కూచున్నారు. వడ్డన జయలక్ష్మి చూసుకుంది. కామేశ్వరమ్మ గారెలు వేస్తోంది. తడి ఆకు మీద పిండి తట్టి, నడుమ చిల్లు పెట్టి, నూనెలోకి జార్చడం ఆవిడ ఎన్ని వేలసార్లు చేసిందో. ఇప్పుడు వేళ్ళు చిల్లు దగ్గరికి వెళ్ళడం లేదు. పిండి ముద్దలు ముద్దలుగా నూనెలో పడుతోంది. చిల్లుల గరిటె చేతిలోంచి జారింది. వంగి తీసింది. మళ్ళీ జారింది. ఏదో అంటోంది, మాటలు ముద్దగా ఉన్నాయి.

తరవాత వణుకు ఆగిపోయింది.

వేదవతి ఊపిరి పీల్చుకుంది. "తగ్గిందాండీ పిన్నిగారూ?"

"చలి పోయింది తల్లీ," అంది కామేశ్వరమ్మ, నిద్రలోంచి మాట్లాడుతున్నట్టు. "వెచ్చగా ఉంది."

"చూశావా?" అంది జయలక్ష్మి, పరమాన్నం గిన్నె అందుకుంటూ. "మడిగా ఉంటే పైవాడే చూసుకుంటాడు."

వేదవతి నమ్మింది. నమ్మడం సుఖంగా ఉంది. అలవాటు పడిపోయింది కాబోలు ఆవిడ, అనుకుంది. పుస్తకంలో ఈ సంగతి లేదు. కాల్చడానికి ఇంక ఏమీ మిగలనప్పుడు ఒళ్ళు వణకడం కూడా మానేస్తుందని బీయెస్సీలో ఎవరూ చెప్పలేదు.

భోక్తలు చేతులు కడుక్కున్నారు. హాల్లో శాస్త్రిగారు పిండాలకి మంత్రం ఎత్తుకున్నారు. కామేశ్వరమ్మ పొయ్యి ముందు కూచుంది. కూచుని, చల్లారిన గంజి గిన్నెని ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులా కావలించుకుంది. నెమ్మదిగా పక్కకి ఒరిగింది. గిన్నె దొర్లి గోడకి తగిలింది.

"అత్తయ్యా! ఆవిడ పడిపోయింది."

"అలిసింది. పిండాలవనీ."

"అత్తయ్యా, కళ్ళు..."

"అరవకు. వాడి మంత్రం తప్పుతుంది. నేనిప్పుడు ముట్టుకుంటే అంతా పోతుంది, ఒక్క పావుగంట."

వేదవతి లేచి నిలబడింది. గడప దాకా వెళ్ళి ఆగింది. ఎంతసేపు ఆగిందో తరవాత ఎప్పుడు తలుచుకున్నా ఒక్కోసారి ఒక్కోలా తోచేది. హాల్లోంచి భానుమూర్తి శాస్త్రిగారి వెనక ఒక్కో మాటా తప్పులేకుండా పలకడం వినిపిస్తోంది. అప్పుడు గడప దాటింది. శాలువ తెచ్చి కప్పి, కామేశ్వరమ్మ తల ఒళ్ళోకి తీసుకుంది. పొయ్యి పక్కనున్న మనిషి ఒళ్ళు కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

వెనక నుంచి జయలక్ష్మి వేసిన కేకకి కింద వాటా మిత్రాగారి భార్య పైకి పరిగెత్తుకొచ్చింది. "ఓమా, కీ హోలో!" అని ఏమైందో అడుగుతూనే కిందికెళ్ళి తన బొంత ఎత్తుకొచ్చింది. వీధి క్లబ్బులో కేరమ్స్ ఆడుకునే కుర్రాళ్ళు కామేశ్వరమ్మని కుర్చీలో కూచోబెట్టి మెట్లు దింపారు. బొంతకి చేపల వాసన వేస్తోంది. జయలక్ష్మి ముక్కుకి ధావళి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి అంటుకుపోయి నిలబడింది.

ఆసుపత్రిలో డాక్టరు, కుర్రవాడు, ఆవిడ చీర పిండి చూసి బెంగాలీలో అడిగాడు. "గంగలో పడిందా?"

"లేదు," అన్నాడు భానుమూర్తి, పట్టుపంచె మీదే ఉన్నవాడు. "మా ఇంట్లో వంట చేస్తోంది."

*

మర్నాడు పొద్దుటికి కామేశ్వరమ్మ పోయింది. ఆ మర్నాడు ఆవిడ మేనల్లుడు పట్టాభి ఇంటికొచ్చాడు. రేవులో గుమాస్తా, నలభై ఏళ్ళ మనిషి. తల దువ్వలేదు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అక్కడే ఉండు నాయనా," అంది జయలక్ష్మి. "మైలలో ఉన్నావు."

అతను మెట్ల దగ్గరే ఆగిపోయాడు. "అత్త స్వెట్టరూ అవీ ఇక్కడుండిపోయాయండి. వాటికోసం వచ్చాను." భానుమూర్తి కేసి చూశాడు. "ఆస్పత్రోళ్ళు ఏటీ సరిగా చెప్పరు. ఒళ్ళు చల్లబడిపోయి గుండె ఆగిందంటారు. పొయ్యి కాడ మనిషి చల్లబడిపోవడం ఏటి సార్? మీరు ఆ ఆఫీసోరు కదా. ఆవేళ అంత చలా?"

భానుమూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వేదవతి ఆయన నోటికేసే చూస్తోంది.

"కనిష్ఠం పదమూడు," అన్నాడు.

"చూశావుటయ్యా," అంది జయలక్ష్మి. "పదమూడుకే మనిషి పోతుందా? ఒంట్లో ఏదో ముందునుంచే ఉండుంటుంది. పాపం మంచి మనిషి, చెయ్యి అమృతం. కానీ ఏం లాభం? చేసిన తద్దినం వృథా అయిపోయింది. పిండాలు పడకుండానే ఈ బయటున్న మనిషి వంటింట్లో జొరబడింది కదా! అమావాస్యకి మళ్ళీ పెట్టాలన్నారు శాస్త్రిగారు." గొంతు మెత్తబడింది. "మీ ఆవిడ వంట చేస్తుందా?"

పట్టాభికి కాసేపు అర్థం కాలేదు. "మాకు మైలండి," అన్నాడు.

"ఆఁ, నిజమే, నా మతి మండా. పోనీ మీ పేటలో ఇంకెవరైనా?"

"ఉన్నారు. వెనక వీధిలో ఒక పెద్దావిడ. అత్తకంటే పెద్దది. కళ్ళు సరిగా ఆనవు గానీ, చేస్తుంది."

"తడిమడికి ఒప్పుకోవాలి. ముందే చెప్పు, తరవాత పేచీ పెట్టకూడదు."

"చెప్తానండి."

ఆ పొద్దున్నే వేదవతి నాలుగోరోజు తలంటు పోసుకుంది. పోసుకోకపోతే అనుమానం వస్తుంది కనక పోసుకుంది. జుట్టులోంచి నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి.

"ఎవర్నీ పిలవక్కర్లేదు," అంది.

"నువ్వూరుకో. నువ్వు చేసిన నిర్వాకానికే..."

"నేను బయట లేను."

కింద వీధిలో ఎవరో ఉప్పుచేపలు అరుచుకుంటూ పోతున్నాడు.

"అంటే?" అంది జయలక్ష్మి.

"అబద్ధం చెప్పానండి. ఆ తడిచీర మళ్ళీ కట్టుకోలేక."

ఇప్పుడు పడుతుంది పిడుగు, అనుకుంది వేదవతి. అత్తగారి కేసి మొహం తిప్పి నిలబడింది. కావాలనే నిలబడింది. జయలక్ష్మి కళ్ళు చిన్నవి చేసి ఏదో లెక్క చూసుకుంది. మెల్లగా ఆవిడ మొహం విచ్చుకుంది.

"అయితే వంటింటికి మైల తగల్లేదన్నమాట! ఆవిణ్ణే కదా ముట్టుకున్నావు, గిన్నెల్ని కాదుగా? ఒరే, పిండాలు చెల్లినట్టేరా! శాస్త్రిగారికి చెప్పిరా, అమావాస్యకి అక్కర్లేదని." చేతులెత్తి దణ్ణం పెట్టుకుంది. "దొంగముండ, ముందే చెప్తే ఈ దిగులే ఉండేది కాదుగా."

భానుమూర్తి చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆయన మొహంలో కూడా ఏదో బరువు దిగింది.

పట్టాభి కదల్లేదు. భానుమూర్తి తెచ్చి మెట్ల మీద పెట్టిన స్వెట్టరూ టోపీ గుండెకి ఆనించి పట్టుకుని, అందరి కేసీ కాక వేదవతి ఒక్కదాని కేసే చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు. "అయితే మీరు మా అత్తని ముందే ముట్టుకోవచ్చు కదా?"

"ముట్టుకోవచ్చు."

"వేదా, ఆయనతో కబుర్లేమిటి, లోపలికి రా," అని పిలిచింది జయలక్ష్మి.

వేదవతి వెళ్ళలేదు.

"చలేస్తోందని శాలువ అడిగింది పట్టాభిగారూ. నా చేతికి అందేలా ఉంది. ఇవ్వలేదు. ఆవిడకి నా సంగతి తెలుసు, అయినా చెప్పలేదు. తప్పు నాది."